ఆ కొండల్లో 165 ఇళ్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఎవరో కట్టిన ఇల్లు కొని చూడమని మాత్రం ఎవరూ అనలేదు. అందులోనూ తొంభై ఏళ్ల నాటి ఇల్లు. అందులోనూ ఊరు కాని ఊళ్లో, కొండల మధ్య, చీకటి పడితే పక్కింటి దీపం కూడా చెట్ల సందులోంచి వెతుక్కోవాల్సిన చోట!

అమెరికా వెళ్లిన మనవాళ్లు ఇళ్లు కొనడం కొత్తేమీ కాదు. డల్లాస్, అట్లాంటా, న్యూజెర్సీ... ఎక్కడ చూసినా ఒకటే లెక్క. మంచి స్కూలు, దగ్గర్లో ఇండియన్ స్టోరు, వీలైతే గుడి, నలుగురు తెలుగువాళ్లు. గుంటూరు నుంచి వెళ్లి వెస్ట్ వర్జీనియాలోని మోర్గన్‌టౌన్‌లో డాక్టరుగా పనిచేస్తున్న ఆమెకూ, ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే ఆమె భర్తకూ చాలాకాలం అదే లెక్క. పదేళ్లు అపార్ట్‌మెంట్‌లో ఉన్నాక 'ఇక చాలు, నేల మీద కాలు పెట్టాలి' అనుకున్నారు. వెతగ్గా వెతగ్గా వాళ్ల మనసు ఆగింది ఆర్థర్‌డేల్ అనే చోట.

గుంటూరులో ఉన్న అమ్మకు ఫోన్‌లో చెబితే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే.

'అడవిలో ఇల్లేమిటే తల్లీ... పట్నంలో దొరకలేదా?'

బొగ్గు బావుల నుంచి...

మోర్గన్‌టౌన్ మనంగహేలా నది ఒడ్డున ఉన్న యూనివర్సిటీ పట్నం. అక్కడి నుంచి ఏడో నంబరు రోడ్డు డెక్కర్స్ క్రీక్ అనే ఏటిని ఆనుకుని, ఒక పక్క బండ, ఒక పక్క లోయగా కొండెక్కుతుంది. మేసన్‌టౌన్, రీడ్స్‌విల్ అనే చిన్న ఊళ్లు దాటి కాస్త ముందుకెళితే నేల ఒక్కసారిగా విశాలంగా పరుచుకుంటుంది. అదే ఆర్థర్‌డేల్. బజారంటూ ఏమీ ఉండదు. రోడ్డుకు దూరంగా, ఒకదానికొకటి ఎడంగా, ఒక్కొక్కటీ తన పొలంలో తాను కూర్చున్నట్టు ఇళ్లు. కొన్ని తెల్లరంగు చెక్కవి, కొన్ని ముతక రాయితో కట్టినవి.

ఆ ఇళ్ల కథ మొదలైంది అక్కడ కాదు. మోర్గన్‌టౌన్‌కు అవతలి ఒడ్డున, స్కాట్స్ రన్ అనే బొగ్గు లోయలో. 1920ల్లో బొగ్గుకు గిరాకీ ఉన్నప్పుడు ఆ లోయకు దేశదేశాల కూలీలు వచ్చారు. తూర్పు యూరప్ నుంచి, ఇటలీ నుంచి, అమెరికా దక్షిణాది నుంచి వచ్చిన నల్లవాళ్లు, స్థానికులు... అందరూ ఒకే బావిలో దిగారు. మాంద్యం వచ్చింది. బావులు మూతపడ్డాయి. కంపెనీ గుడిసెల్లో మనుషులు మిగిలిపోయారు. మురుగు పారే కాలవ పక్కనే పిల్లలు. తిండికి లేదు.

1933 ఆగస్టులో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ భార్య ఎలినార్ ఆ లోయకు వచ్చారు. చూసింది మరిచిపోలేకపోయారు. కొన్ని నెలలు తిరక్కుండానే కేంద్ర ప్రభుత్వం ప్రెస్టన్ కౌంటీలో రిచర్డ్ ఆర్థర్ అనే ఆయన ఎస్టేటు కొంది. ఆయన పేరు మీదే ఆ ఊరు. పనిలేని గని కార్మికులకు ఇల్లు, దాని చుట్టూ రెండు నుంచి ఐదెకరాల వరకూ నేల ఇచ్చి, సొంత తిండి తాము పండించుకునేలా చేయాలన్నది పథకం. న్యూడీల్ కింద అలాంటి ఊళ్లు దేశంలో చాలానే కట్టారు. అన్నింటికంటే ముందు మొదలైంది ఆర్థర్‌డేల్.

సర్కారు వారి తొందర ఎలా ఉంటుందో మనకు తెలియంది కాదు. అక్కడా అంతే. చలికాలం లోపలే జనాన్ని ఇళ్లలోకి పంపాలని ముందే తయారుచేసిన యాభై చెక్క ఇళ్లకు ఆర్డరిచ్చారు. సముద్రతీరంలో వేసవి విడిదికి పనికొచ్చే ఇళ్లవి. తీరా చూస్తే ఇక్కడ వేసిన పునాదులకూ, వచ్చిన ఇళ్లకూ కొలతలు కలవలేదు. గోడలు ఆ కొండల చలికి ఆగేలా లేవు. న్యూయార్క్ నుంచి ఆర్కిటెక్టును రప్పించి వాటిని పెంచి, మళ్లీ కట్టినంత పని చేశారు. ఖర్చు తడిసి మోపెడయింది. పత్రికలు ఆడిపోసుకున్నాయి. మొత్తానికి 1934లో మొదటి కుటుంబాలు దిగాయి. తర్వాత కట్టినవి కుదురుగా వచ్చాయి. చివర్లో కట్టినవి రాతి ఇళ్లు. అన్నీ కలిపి 165.

ఆ రోజుల్లో చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్లకు కరెంటు లేదు. గని కార్మికుడి ఇంట్లో కరెంటు, స్నానాలగది, కుళాయి ఉండాలని పట్టుబట్టింది ఎలినారే. కార్మికులకు అంత విలాసం ఎందుకని ప్రభుత్వంలోనే కొందరు గొణిగారు.

దస్తావేజులో ఒక వాక్యం

దంపతులు చూసిన ఇల్లు రాతిది. మూడెకరాల పైచిలుకు నేల, వెనకాల నేల గదిలాంటి గది. బంగాళాదుంపలు, యాపిల్స్, సీసాల్లో పెట్టిన కూరగాయలు చలికాలమంతా నిలవుంచుకునేందుకు కట్టింది. లోపలికి తొంగిచూసి ఆమె నవ్వింది.

'అమ్మ చూస్తే ఆవకాయ జాడీలు ఇక్కడే పెట్టమంటుంది.'

ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన లెక్కలు వేరు. ఇన్‌స్పెక్టరు వచ్చి పాత వైరింగ్, కప్పు, నేలమాళిగలో చెమ్మ, రేడాన్ వాయువు, సెప్టిక్ ట్యాంకు... వరసపెట్టి రాసిచ్చాడు. జాబితా నాలుగు పేజీలు. రాతి గోడలకు బయట దెబ్బ లేదు, కానీ లోపల చలి ఆపే ఏర్పాటు అంతంతమాత్రం. మంచు కురిసిన రోజు ఆసుపత్రికి వెళ్లాలంటే ఆ కొండ రోడ్డు దిగాలి. మామూలు రోజున అరగంట. జనవరిలో ఎంతో ఎవరూ చెప్పలేరు.

అయినా వాళ్లను ఆపింది వైరింగూ కాదు, రోడ్డూ కాదు. దస్తావేజు.

మన దగ్గర స్థలం కొనేముందు ఈసీ తీయించినట్టే అక్కడ టైటిల్ సెర్చ్ చేయిస్తారు. వెస్ట్ వర్జీనియాలో ఆ పని లాయరుది. ఆయన పాత కాగితాలన్నీ తిరగేసి ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. నేల మీది హక్కు కొనేవాళ్లది. నేల కింది బొగ్గు హక్కు మాత్రం ఎప్పుడో విడగొట్టి ఉంది. అది వేరేవాళ్లది!

అపలాచియన్ కొండల్లో ఇది వింత కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రైళ్లు వస్తున్నాయని ముందే తెలిసిన కంపెనీల వాళ్లు ఇంటింటికీ తిరిగారు. పైన మీరే ఉండండి, దున్నుకోండి, కిందున్న రాయి మాకివ్వండి అన్నారు. రైతులు ఎకరానికి ఇంతని కొద్దిపాటి డాలర్లకు సంతకాలు పెట్టేశారు. వేలిముద్రలు వేసినవాళ్లూ ఉన్నారు. పక్కనున్న కెంటకీలో ఆ కాగితాలు చూపించే ఇంటి యజమాని ఇష్టంతో పనిలేకుండా పైనున్న నేలంతా తవ్విపారేసిన కాలముంది. అక్కడి జనం పోరాడి పోరాడి 1988లో రాజ్యాంగ సవరణ తెచ్చుకుంటే గానీ దానికి అడ్డు పడలేదు.

అందుకే ఈ రాష్ట్రంలో ఇంటి బీమాతో పాటు మరో బీమా కూడా ఉంటుంది. కింద ఎప్పుడో తవ్విన గని కుంగి ఇల్లు దెబ్బతింటే ఇచ్చే పరిహారం అది. అక్కర్లేదనుకున్నవాళ్లు అక్కర్లేదని రాసి సంతకం పెట్టాలి. లాయరు సలహా క్లుప్తంగా ఉంది. ఆ సంతకం మాత్రం పెట్టకండి.

'మనం కొనేది ఇల్లా, ఇంటి మూతా?' అన్నాడాయన ఆ రాత్రి.

'మనూళ్లో మాత్రం నేల కింద ఏముందో చూసుకుని కొన్నామా ఏంటి?' అంది ఆమె.

ఎవరికిచ్చారు, ఎవరికివ్వలేదు

అసలు తడబాటు ఆ తర్వాతి వారం వచ్చింది. ఆర్థర్‌డేల్‌లో ఊరివాళ్లే నడుపుకొనే ఒక మ్యూజియం ఉంది. ఊరందరూ కలుసుకునేందుకు నాడు కట్టిన సెంటర్ హాల్, కమ్మరి కొలిమి, తొలినాటి సామాన్లతో ఒక ఇల్లు. చెక్క కుర్చీలు, మగ్గాలు చూసుకుంటూ నడుస్తుంటే అసలు సంగతి బయటపడింది. తొలి కుటుంబాలను ఎలా ఎంపిక చేశారన్నది.

వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు దరఖాస్తులు తీసుకుని ఇంటర్వ్యూలు చేశారు. వ్యవసాయం తెలుసా, పిల్లలెందరు, నడవడిక ఎలాంటిది... అన్నీ అడిగారు. దేశదేశాల మనుషులు కలిసి ఆకలి పడ్డ లోయ స్కాట్స్ రన్. కానీ అక్కడి నుంచి కొండ మీదికి వచ్చింది తెల్లవాళ్లు, అమెరికాలో పుట్టినవాళ్లు మాత్రమే. నల్లవాళ్లకు చోటు లేదు. వలస వచ్చినవాళ్లకూ లేదు. ఎలినార్ అందరినీ తీసుకోవాలన్నారు. ఇళ్లలో అప్పటికే దిగినవాళ్లు వద్దని ఓటేశారు. నల్లపిల్లలకు విడిగా స్కూలు ఉండాలన్నది ఆనాటి రాష్ట్ర చట్టం. ఆ ఖర్చును కూడా ఒక సాకుగా చూపించారు. కిందటేడు వరకూ ఒకే గుడిసెల వరసలో ఉన్నవాళ్లే, గట్టెక్కగానే వెనక్కి తిరిగి తలుపేసుకున్నారన్నమాట.

ఆయన అక్కడే కాసేపు నిలబడిపోయాడు. 1934లో తనలాంటివాడు ఆ తలుపు తడితే? ఇల్లు సరే, పౌరసత్వమే లేదు. భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ అడ్డు తొలగింది 1946లో. మనవాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లేందుకు దారి తెరిచింది 1965 నాటి వలస చట్టం. ఇల్లు అమ్మేటప్పుడు రంగు, జాతి చూడకూడదన్నది 1968లో వచ్చింది. ఈ మూడు తేదీలూ లేకపోతే ఆ దంపతులు ఆ హాల్లో సందర్శకులుగా కూడా ఉండేవాళ్లు కాదు.

'మనల్ని వద్దనుకుని కట్టిన ఊరు. ఇక్కడే కొనాలా?' అన్నాడు కార్లో.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది. 'మా తాతగారి ఊళ్లో బావి దగ్గరికి అందర్నీ రానిచ్చేవాళ్లా? ఆ ఊరు మాత్రం మనదేనని చెప్పుకుంటున్నాం కదండీ.'

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. కానీ ఆ మాట పట్టుకుని ఆలోచిస్తే రెండు ఊళ్లకూ తేడా లేదని తెలుస్తుంది. ఎక్కడైనా పాత ఇల్లు కొంటే గోడలతో పాటు దాని చరిత్ర కూడా వస్తుంది. మంచి ఒక్కటీ ఏరుకుని మిగతాది వద్దంటే కుదరదు. ఆ మ్యూజియం ఆ విషయాన్ని దాచిపెట్టి ఉంటే బహుశా వాళ్లు కొనేవాళ్లు కాదేమో.

ఇల్లుంటే సరిపోతుందా?

ఇల్లిచ్చారు, నేలిచ్చారు. మరి పని? అక్కడే దెబ్బతింది పథకం. పోస్టాఫీసులకు ఫర్నిచర్ చేసే ఫ్యాక్టరీ పెట్టిద్దామనుకుంటే, ప్రభుత్వమే ప్రైవేటువాళ్లకు పోటీ వస్తుందా అని పార్లమెంటులో అడ్డుకున్నారు. తర్వాత వాక్యూమ్ క్లీనర్ల తయారీ అన్నారు, చొక్కాల ఫ్యాక్టరీ అన్నారు. ఏదీ నిలదొక్కుకోలేదు. కూరగాయలు కడుపు నింపాయి గానీ చేతికి డబ్బు రాలేదు. ఎలినార్ మాత్రం వదల్లేదు. వస్తూనే ఉన్నారు. ఊరివాళ్లతో స్క్వేర్ డాన్స్ చేశారు. స్కూలు పిల్లలకు పట్టాలిచ్చే సభలకు వచ్చారు. 1938 మే 27న ఆ సభకు సాక్షాత్తూ అధ్యక్షుడే వచ్చాడు. అయినా ఊరికి ఉద్యోగాలు తెచ్చింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధమే. ఆ యుద్ధం ముగిసిన రెండు మూడేళ్లలో ప్రభుత్వం చేతులు దులుపుకొంది. పెట్టిన ఖర్చులో చిన్న భాగానికే ఇళ్లను అందులో ఉంటున్నవాళ్లకు అమ్మేసింది.

పథకం లెక్కప్రకారం అది నష్టం. కానీ పదేళ్లకు పైగా ప్రభుత్వ ఇంట్లో ఉన్న ఆ కుటుంబాలకు అదే మొదటి సొంత ఇల్లు. చాలామంది కదల్లేదు. పిల్లలు, మనవలు కూడా అక్కడే ఉండిపోయారు.

పని లేని ఇల్లు ఎంతకాలం నిలుస్తుంది? ఆ ప్రశ్న ఆ కొండలకు పాతబడలేదు. మోర్గన్‌టౌన్‌లో మైలాన్ మందుల ఫ్యాక్టరీ అంటే అక్కడివాళ్లకు ప్రభుత్వోద్యోగంలా ఉండేది. హైదరాబాద్‌లోని మేట్రిక్స్ లేబొరేటరీస్‌ను 2007 నాటికి చేతుల్లోకి తీసుకుంది ఆ మైలానే. 2020లో అది వయాట్రిస్‌గా మారింది. 2021 జులై 31న మోర్గన్‌టౌన్ ఫ్యాక్టరీ మూతపడింది. దాదాపు పదిహేను వందల ఉద్యోగాలు పోయాయి. అక్కడి ఉత్పత్తిలో కొంత ఇండియాకు తరలింది. మనవైపు ఎవరో ఒకరికి ఉద్యోగం వచ్చిందన్న వార్త, ఆ కొండల్లో మరొకరి ఇంటి అప్పు ఆగిపోయిన వార్త కూడా కావచ్చు.

2010కీ 2020కీ మధ్య వెస్ట్ వర్జీనియా జనాభా దాదాపు 59 వేలు తగ్గింది. అమెరికాలో అంత శాతం తగ్గిన రాష్ట్రం మరొకటి లేదు. అందుకే 2021లో ఒక పథకం పెట్టారు. ఇంటి నుంచి పనిచేసుకునేవాళ్లు వచ్చి స్థిరపడితే 12 వేల డాలర్లు ఇస్తామన్నారు. మొదట పిలిచింది మోర్గన్‌టౌన్‌కే. ఒకప్పుడు ఎవరిని రానివ్వకూడదా అని ఓటేసిన కొండలు, ఇప్పుడు ఎవరైనా వస్తారా అని చూస్తున్నాయి!

పిండి పులిసిన వాసన

కొనే ముందు ఒక శనివారం ఆ ఇంటి పక్కావిడ వాళ్లను పొద్దున ఫలహారానికి పిలిచింది. డెబ్భై దాటిన మనిషి. ఆవిడ తాత తొలి కుటుంబాల్లో ఒకరు. పెనం మీద గరిటెతో పిండి పోసి అట్లు వేసింది. బక్‌వీట్ పిండివి. మన ఉత్తరాదివాళ్లు ఉపవాసాలకు వాడే కుట్టు పిండే అది. ప్రెస్టన్ కౌంటీకి ఆ అట్లంటే ప్రాణం. ఏటా సెప్టెంబరు చివర్లో కింగ్‌వుడ్‌లో వాటికోసం తిరనాళ్లే జరుగుతుంది. పిండి రాత్రే కలిపి పులియబెడతారు. కాస్త పుల్లగా, నల్లగా ఉంటాయి.

ఆ వాసనకు డాక్టరమ్మకు గుంటూరు వంటిల్లు కళ్లముందు నిలిచింది. తమ ఇంట్లోనూ రాత్రే పిండి పులియబెడతారని చెబితే పెద్దావిడ నమ్మలేనట్టు చూసింది. తర్వాత తన పిండి ఎందుకు ఎక్కువ పులుస్తోందో అడిగి సలహా తీసుకుంది.

ఆయన ఉండబట్టలేక ఆ పాత సంగతి ఎత్తాడు. ఓటు సంగతి. ఆవిడ నొచ్చుకోలేదు, సమర్థించుకోనూ లేదు.

'మా తాత చేయెత్తాడో లేదో నాకు తెలీదు నాయనా. ఎత్తే ఉంటాడు. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు' అంది. కాసేపాగి, 'మీ బావి నీళ్లు మాత్రం ముందు పరీక్ష చేయించండి. ఈ చుట్టుపక్కల బొగ్గు బావుల నీళ్లు నమ్మడానికి లేదు' అంది.

క్షమాపణ కాదది. ఉపన్యాసం కూడా కాదు. కానీ రేపు పక్కన ఉండబోయేవాళ్లతో మాట్లాడే మాట. డెక్కర్స్ క్రీక్ దిగువన మూసేసిన గని నీళ్లు కలిసి రాళ్లన్నీ తుప్పురంగులోకి మారిన సంగతి వాళ్లు రోజూ రోడ్డు మీంచి చూస్తున్నదే. బావి నీళ్లు పరీక్ష చేయించారు. బాగానే ఉన్నాయి.

ఎవరి ఇల్లు?

ఆర్థర్‌డేల్‌ను 1989లో దేశ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు. అలా చేరితే మేకు కొట్టాలన్నా అనుమతి కావాలేమోనని ఆయన భయపడ్డాడు. తెలుసుకుంటే అదేం కాదు. సొంత డబ్బుతో సొంత ఇల్లు మార్చుకుంటే ఆ జాబితా అడ్డుపడదు. ఆ 165 ఇళ్లలో దాదాపు అన్నీ ఈనాటికీ నిలబడి ఉన్నాయంటే కారణం చట్టం కాదు, ఉంటున్నవాళ్లే. ఒకరు వరండా కలిపారు, ఒకరు గది పెంచారు, ఒకరు కిటికీలు మార్చారు. ఇల్లు మాత్రం ఉంచారు.

సంతకాలు అయ్యాయి. బొగ్గు బీమా వద్దన్న కాగితం మీద మాత్రం పెట్టలేదు. కప్పు బాగు చేయించడానికి అనుకున్నదానికంటే ఎక్కువే అయింది. నేల గదిలో మొదటి ఏడాది బంగాళాదుంపలు సగం కుళ్లాయి. అమ్మ వీసా మీద వచ్చి, మూడు నెలలుండి, 'అడవే, కానీ బాగుంది' అని తీర్పు చెప్పి వెళ్లింది.

ఒక సంగతి మాత్రం వాళ్లకు కొన్నాళ్లు అంతుబట్టలేదు. ఊళ్లో ఎవరికి అడ్రసు చెప్పినా ఇంటి నంబరు పట్టించుకునేవాళ్లు కాదు. 'ఓ, ఫలానావాళ్ల ఇల్లా?' అని తొలినాటి కుటుంబం పేరు చెప్పేవాళ్లు. ఆ కుటుంబం అది అమ్ముకుని ఎన్నో ఏళ్లయింది. మధ్యలో మరో ఇద్దరు యజమానులు మారారు. అయినా ఇంటిపేరు మారలేదు.

ఇది మనకు తెలియని సంగతా? ఏ తెలుగు ఊరికి వెళ్లినా కరణంగారి ఇల్లంటూ ఒకటి ఉంటుంది. కరణాలు పోయి ఎంతకాలమైందో! అందులో ఎవరుంటున్నా ఊరికి అది కరణంగారి ఇల్లే. దస్తావేజు ఒక్కరోజులో చేతులు మారుతుంది. ఊరి నాలుక మీద పేరు మారాలంటే ఒక తరం పడుతుంది. అక్కడే పుట్టినవాళ్లకైనా, ఒకప్పుడు వద్దనుకున్నవాళ్లకైనా అంతే.

ఈ మధ్య మంచు తోసే బండి కుర్రాడు వచ్చి ఎవరింటికో దారి అడిగాడట. పక్కావిడ వరండాలోంచి చెయ్యి చూపిస్తూ చెప్పిందట... 'డాక్టర్ గారి ఇల్లు దాటాక ఎడమవైపు.'